కంపానియన్‌తో ఆడితే ఆట రానట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ‘స్టార్ వార్స్: ది ఓల్డ్ రిపబ్లిక్’ అనే ఆన్‌లైన్ ఆట మొదలుపెట్టి మూడు నెలలైంది. సిత్ వారియర్ అనే యోధుడి పాత్ర ఆడుతున్నారు. మీకు తోడుగా ఆటే నడిపే పాత్ర, అంటే కంపానియన్, వెట్ అంటే మీకు ఇష్టం, మొదటి గ్రహం నుంచీ ఆమెనే వెంట తిప్పుకుంటున్నారు. కొత్తగా చేరిన గిల్డ్‌లో (ఆటగాళ్ల సంఘంలో) ఒకాయన "హీలర్ కంపానియన్‌ని పెట్టుకుని తిరిగేవాళ్లకి ఆట రాదు" అని మొహం మీదే అన్నారు. అదే గిల్డ్‌లో ఇంకొందరేమో తమ కంపానియన్ల గురించి ఇంట్లో మనుషుల గురించి చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు. ఎవరి మాట వినాలి, వెట్‌ని ఉంచుకోవాలా మానాలా అని అడిగారు.

ఉంచుకోండి. నిక్షేపంగా ఉంచుకోండి. కాకపోతే ఆమెని ఎప్పుడూ హీలర్‌గానే, అంటే గాయాలు మాన్పే మనిషిగానే, వాడుతూ పోతే ఆయన అన్నదాంట్లో సగం నిజమైపోతుంది. ఆ సగం ఏమిటో, దాన్ని ఎలా సరిచేసుకోవాలో కింద చెప్తాను. ముందు, ఒకే పాత్ర మీద జనానికి ఇన్ని రకాల మాటలు ఎందుకున్నాయో చెప్పనివ్వండి. అది తెలిస్తే గిల్డ్‌లో వాదన వచ్చినప్పుడు మీకు మనసు కష్టం ఉండదు.

నేను ఈ ఆట 2012 చివర్లో మొదలుపెట్టాను. అంతకుముందు ‘గిల్డ్ వార్స్’ కొన్నేళ్లు ఆడాను, తర్వాత ‘ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్’, ‘ఫైనల్ ఫాంటసీ 14’ కూడా. ఒక గిల్డ్‌లో కొత్తవాళ్లకి నేర్పే పని నాలుగేళ్లు చేశాను. కాబట్టి ఈ గొడవ రెండు వైపులా నిలబడి చూశాను.

కంపానియన్ అనే ఒక్క పాత్ర నెత్తిన మూడు బరువులుంటాయి. ఒకటి, అది పనిముట్టు. దెబ్బలు కాస్తుంది, గాయాలు మాన్పుతుంది, సంచి నిండితే పనికిరాని సామాను తీసుకెళ్లి అమ్ముకొస్తుంది. రెండు, అది కథలో మనిషి. దానికో గతం ఉంటుంది, మీ మీద ఇష్టమో కోపమో ఉంటుంది. మూడు, అది రాని ఆటగాడి బదులు నిలబడే మనిషి. నలుగురు కావాల్సినచోట ఇద్దరే ఉంటే మిగతా రెండు చోట్లా అదే నిలబడుతుంది. మీ గిల్డ్‌లో కంపానియన్‌ని తిట్టేవాళ్లు మొదటిదాన్నో మూడోదాన్నో తిడుతున్నారు. ప్రేమించేవాళ్లు రెండోదాన్ని ప్రేమిస్తున్నారు. ఒకే పేరు పెట్టి మాట్లాడుకోవడం వల్ల పోట్లాటలా కనిపిస్తోంది. అసలు చిక్కు ఆటగాళ్ల మధ్య లేదు, ఈ మూడు బరువులకి ఒకదానితో ఒకటి పడకపోవడంలో ఉంది.

దీనికి మీ సిత్ వారియర్ కథే మంచి ఉదాహరణ. (మీరు ఇంకా మూడో అంకం పూర్తిచేయకపోతే ఈ పేరా, కిందిది వదిలేసి ముందుకెళ్లండి. కథ బయటపడిపోతుంది.) 2011 డిసెంబరు 20న ఆట విడుదలైనప్పుడు ఎనిమిది క్లాసులు (ఆటగాడు ఎంచుకునే పాత్ర రకాలు), ఒక్కో క్లాసుకి ఐదుగురు కంపానియన్లు, ఓడలో ఒక డ్రాయిడ్ (రోబో). ఎవరి పని వాళ్లదే: ఒకరు హీలర్, కొందరు ట్యాంక్ (ముందు నిలబడి దెబ్బలు కాసేవాళ్లు), మిగతావాళ్లు డ్యామేజ్ (శత్రువుని కొట్టేవాళ్లు). సిత్ వారియర్‌కి కథలో దొరికే సరైన హీలర్ మలవై క్విన్ ఒక్కడే. బాల్మొరా గ్రహంలో చేరతాడు. వెట్ డ్యామేజ్ మనిషి. కాబట్టి వెట్‌ని ఎంత ఇష్టపడినా, కష్టమైన బాస్ (పెద్ద శత్రువు) దగ్గరికి వెళ్లేటప్పుడు ఆమెని ఓడలో దింపి క్విన్‌ని తీసుకెళ్లాల్సి వచ్చేది. మనసు ఒకరి మీద, అవసరం ఇంకొకరితో.

ఆ క్విన్ మూడో అంకంలో మిమ్మల్ని మోసం చేస్తాడు. ఇన్నాళ్లూ మీ పక్కనే ఉండి మీరు పోరాడే తీరు చూసి, దాన్నిబట్టి మిమ్మల్ని చంపడానికే డ్రాయిడ్లు తయారుచేయిస్తాడు. వాటిని గెలుస్తారు. అతన్ని గొంతు నులమొచ్చు, క్షమించొచ్చు, చంపడానికి మాత్రం వీల్లేదు. మర్నాడు ఓడలో అదే చోట నిలబడి, ఏమీ జరగనట్టు మళ్లీ మీకు హీలింగ్ చేస్తూ ఉంటాడు. ఎంతమంది సిత్ వారియర్లకి దీని మీద ఒళ్లు మండిందో చెప్పలేను. నిజానికి ఆట తయారయ్యే రోజుల్లో కంపానియన్లని చంపే వీలు పెట్టారు, విడుదలకి ముందే తీసేశారు. చంపుకున్నవాళ్లు తర్వాత బాధపడటం అందులో ఒక కారణం. అది సబబే అనుకుంటాను, కానీ ఇంకో కారణం మన కళ్లముందే ఉంది: ఉన్న ఒక్క హీలర్‌ని చంపేస్తే మిగతా ఆట ఎలా నడుస్తుంది? కథలో మనిషి చచ్చిపోవాల్సినచోట పనిముట్టు బతికించింది. కథని నమ్మిన ఆటగాడికి అక్కడ పడ్డ దెబ్బ చాలా కాలం మానలేదు.

2015 అక్టోబరులో ‘నైట్స్ ఆఫ్ ది ఫాలెన్ ఎంపైర్’ అనే అదనపు భాగం వచ్చినప్పుడు ఈ ముడి విప్పారు. ఏ కంపానియన్ అయినా ట్యాంక్, హీలర్, డ్యామేజ్ మూడింట్లో ఏ పనైనా చేయొచ్చు. వాళ్లకి కవచాలు, ఆయుధాలు వెతికే బాధ పోయింది, బట్టలు చూడటానికి మాత్రమే. కంపానియన్‌కి మీ మీద ఉన్న ఇష్టానికి అఫెక్షన్ అని ఉండే లెక్కని ఇన్‌ఫ్లుయెన్స్ అని మార్చి 50 మెట్లు పెట్టారు. మెట్టు ఎక్కినకొద్దీ కంపానియన్ బలం పెరుగుతుంది. ఇవాళ మీరు వెట్‌ని హీలర్‌గా పెట్టుకోగలుగుతున్నారంటే ఈ మార్పు వల్లే. మాలాంటి పాతవాళ్లకి అది పండగ. ఇష్టమైన మనిషిని ఓడలో వదిలి వెళ్లాల్సిన పని తప్పింది.

అదే మార్పు ఇంకొందరికి ఎందుకు నచ్చలేదో కూడా వినండి. ఇంతకుముందు బౌంటీ హంటర్ క్లాసుకి మాకో అనే కంపానియన్ అంటే వైద్యం చేసే పిల్ల. ఇంక్విజిటర్‌కి ఖెమ్ వాల్ అంటే ముందు నిలబడి దెబ్బలు కాసే రాక్షసుడు. చేసే పనిలోనే వాళ్ల స్వభావం కనిపించేది. ఇప్పుడు ఖెమ్ వాల్ వెనక నిలబడి హీలింగ్ చేస్తుంటే, చూడటానికి మనిషి అదే గానీ లోపలి తేడా చెరిగిపోయింది. పైగా ఆ మార్పు వచ్చిన కొత్తల్లో హీలర్ కంపానియన్ల బలం మరీ ఎక్కువైంది, ఆటగాడు చేతులు కట్టుకుని నిలబడ్డా చావడం లేదు. నవంబరులో ప్యాచ్‌తో (ఆటకి చేసే సవరణతో) తగ్గించారు. తగ్గించింది మరీ ఎక్కువైందని గగ్గోలు లేచింది, మళ్లీ కొంత పెంచారు. ఆ నెల రోజుల గొడవలో రెండు పక్షాలూ స్పష్టంగా కనిపించాయి: "నన్ను ఒంటరిగా ఆడుకోనివ్వండి" అనేవాళ్లు, "మరి నేనెందుకు ఉన్నట్టు?" అనేవాళ్లు. ఇద్దరిదీ న్యాయమైన బాధే.

అదే ‘ఫాలెన్ ఎంపైర్’ కథలో మీ పాత్రని ఐదేళ్లు కార్బొనైట్‌లో గడ్డకట్టించి, లేచేసరికి పాత కంపానియన్లు తలో దిక్కూ పోయారంటుంది. పక్కన లానా బెనికో, కోత్, సెన్యా లాంటి కొత్తవాళ్లు. పాతవాళ్లు ప్యాచ్‌కి ఒకరిద్దరు చొప్పున తిరిగొచ్చారు, కొందరికి ఏళ్లు పట్టింది. ఈలోగా తన ప్రేమకథ ఎవరితో నడిచిందో వాళ్ల కోసం ఎదురుచూస్తూ కూర్చున్న ఆటగాళ్లు నాకు తెలుసు. కథ బాగుందా లేదా అనేది వాళ్లకి పట్టలేదు. "మావాడెక్కడ?" అదొక్కటే ప్రశ్న. కథగా ఆలోచిస్తే ఐదేళ్ల ఎడబాటు బలమైన సన్నివేశమే. కానీ రోజూ రాత్రి పూట రెండు గంటలు పక్కన నడిచిన మనిషిని తీసుకెళ్లి, ఎప్పుడు వస్తాడో చెప్పకపోతే ఆటగాడు దాన్ని కథగా చూడడు. తన సొమ్ము పోయినట్టు చూస్తాడు.

ఇక రెండో బరువు గురించి, అంటే మనిషిగా కంపానియన్ గురించి, ఒక దృశ్యం చెప్పాలి. మీకూ గుర్తుండే ఉంటుంది. మొదటి గ్రహం కోరిబాన్‌లో వెట్‌ని ఖైదీగా మీకు అప్పజెప్తారు. నీలం చర్మం, మెడలో కరెంటు షాక్ కొట్టే కాలర్, రిమోట్ మీ చేతిలో. సమాధిలో దారి చూపించినంతసేపూ ఏదో ఒకటి వాగుతూనే ఉంటుంది. కాలర్ తీసెయ్యమని అడుగుతుంది. నేను అడగ్గానే తీసేశాను. మా తమ్ముడు పక్క కంప్యూటర్‌లో అదే క్లాసు ఆడుతూ తియ్యలేదు, ఆమె ఎదురు మాట్లాడినప్పుడల్లా షాక్ కొట్టేవాడు. "సిత్ అంటే ఇలాగే ఉంటాడు కదరా" అనేవాడు. నాలుగు రోజులయ్యాక ఒక రాత్రి నా దగ్గరికొచ్చి, "ఆమె మాటలు తగ్గించేసిందిరా" అన్నాడు. తెర మీద అంకె తగ్గడం వాడికి ముందే కనిపించింది, దానికి వాడేం బాధపడలేదు. ఓడలో ఆ నిశ్శబ్దం పట్టుకుంది వాణ్ని. మర్నాడు కొత్త సిత్ వారియర్‌ని తయారుచేసి, మొదటి నుంచీ మళ్లీ ఆడుకొచ్చాడు. ఒక ఆటలో బొమ్మ కోసం ఇరవై గంటల పని తిరిగి చేసిన మనిషిని చూశాక, "కంపానియన్లంటే కోడ్ ముక్క" అనేవాళ్లతో నేను ఏకీభవించలేకపోయాను.

అయితే అదే ఇష్టానికి అంకెలు తగిలిస్తే చెడిపోతుంది. పాత పద్ధతిలో సంభాషణలో మీరు అన్న ప్రతి మాటకీ పక్కనున్న కంపానియన్ ఇష్టపడితే అంకె పెరిగేది, లేకపోతే తగ్గేది. దాంతో జనం తమకి అనిపించింది మాట్లాడటం మానేశారు, పక్కనున్నవాళ్లకి నచ్చేది మాట్లాడారు. అంకె తగ్గితే సంభాషణ మధ్యలో ఎస్కేప్ కొట్టి బయటికొచ్చి, మళ్లీ మొదలుపెట్టి రెండో జవాబు ఎంచుకునేవాళ్లు. నేనూ చేశాను. మంచివాడిగా ఆడదామని మొదలుపెట్టిన ఒక ఏజెంట్‌తో, మొదటి కంపానియన్ కాలియోకి మంచితనం నచ్చదని తెలిశాక, కొన్ని వారాలు నేను నమ్మని మాటలే మాట్లాడించాను. పూర్తయ్యాక చూసుకుంటే ఆ కథ నాది అనిపించలేదు. ఇప్పుడు కానుకలిచ్చి ఇన్‌ఫ్లుయెన్స్ పెంచుకోవచ్చు కాబట్టి ఆ ఒత్తిడి చాలావరకు పోయింది. మీరు వెట్‌కి నచ్చాలని జవాబులు ఎంచుకోకండి. మీకు తోచింది అనండి, తగ్గితే ఒక కానుక ఇవ్వండి.

‘ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్’లో 2021లో ‘బ్లాక్‌వుడ్’తో కంపానియన్లు వచ్చారు: బాస్టియన్, మిర్రి. అక్కడ ఈ ఇబ్బంది ఇంకోలా వచ్చింది. మిర్రికి సీతాకోకచిలుకల్ని పట్టుకుంటే నచ్చదు. కానీ ఆ ఆటలో మందులు కాయడానికి సీతాకోకచిలుకలు కావాలి, దారిన పోతూ కనిపించిన ప్రతిదాన్నీ పట్టుకోవడం పాత ఆటగాళ్లకి అలవాటైపోయిన పని. పట్టుకున్న ప్రతిసారీ మిర్రి మొహం మాడ్చుకోవడం, అంకె తగ్గడం. బాస్టియన్‌కి దొంగతనాలు పడవు, కానీ దొంగతనమే వృత్తిగా ఆడేవాళ్లు అందులో బోలెడుమంది. ఆ స్వభావాలు కథకి అందంగా ఉన్నాయి, నాకు మిర్రి అంటే అభిమానం కూడా. కానీ రోజూ చేసే చిల్లర పనికి రోజూ చీవాట్లు తినాలంటే ఎవరైనా ఏంచేస్తారు? పని చేసుకునేటప్పుడు ఆమెని పంపేసి, పని అయ్యాక పిలుస్తారు. తోడు కోసం పెట్టిన మనిషిని తప్పించుకుని తిరగడం నేర్చుకుంటారు.

మాటలు కూడా అంతే. మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చిన మాట రెండొందలోసారి చెవిలో మేకు. మీ ఓడలో డ్రాయిడ్ 2వి-ఆర్8 ఉన్నాడు కదా, ఓడలో కాలు పెట్టగానే పలకరిస్తాడు. ఆట విడుదలైనప్పటి నుంచీ జనం వాడి మీద విసుక్కుంటూనే ఉన్నారు. ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’లో 2024లో డెల్వ్‌లు అనే చిన్న సాహసాలతో పాటు బ్రాన్ బ్రాంజ్‌బియర్డ్‌ని తోడిచ్చినప్పుడూ ఇదే. హీలర్‌గా పెడితే మందు సీసాలు నేలమీద పడేస్తాడు, పోరాటం మధ్యలో పరిగెత్తి ఏరుకోవాలి. అటు బాస్ నేలంతా మంట పెడుతుంటే సీసా సరిగ్గా ఆ మంటలో పడుతుంది. అప్పుడు బ్రాన్ ఎంత మంచివాడైనా ఎవరికి గుర్తుంటుంది?

ఇప్పుడు మూడో బరువు. మన ప్రాంతం నుంచి ఆడేవాళ్లకి ఇది బయటివాళ్లకంటే ఎక్కువ తెలుస్తుంది, అందుకని కాస్త వివరంగా రాస్తాను.

అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఎనిమిదైతే మనకి చలికాలంలో పొద్దున ఆరున్నర, వేసవిలో ఐదున్నర. యూరప్ వాళ్లు రాత్రి భోజనం చేసి కూర్చునేసరికి మనకి అర్ధరాత్రి. ఆఫీసు నుంచి వచ్చి ఎనిమిదింటికి కంప్యూటర్ ముందు కూర్చుంటే గ్రూప్ దొరకడమే గగనం. నేను విజయవాడలో ఆడే రోజుల్లో పింగ్ (సర్వర్‌కి మాట వెళ్లి తిరిగొచ్చే సమయం) ఎప్పుడూ 250 మిల్లీసెకన్లకి పైనే. 2012-13లో ఉమ్మడి రాష్ట్రంలో కరెంటు కోతలు ఎలా ఉండేవో ఆ వయసు వాళ్లందరికీ గుర్తే. ఒకరోజు నలుగురం ఫ్లాష్‌పాయింట్‌లో (నలుగురు కలిసి చేసే సాహసంలో) ఆఖరి బాస్ ముందున్నాం. నేను ట్యాంక్. ఠప్పున కరెంటు పోయింది, ఇన్వర్టర్ మోడెమ్‌కి అందలేదు. పావుగంట తర్వాత వచ్చి చూస్తే గ్రూప్‌లోంచి తీసేశారు. వాళ్ల తప్పేం లేదు, ముగ్గురు మనుషులు నా కోసం ఎంతసేపు నిలబడతారు? కానీ ఆ రాత్రి నుంచి గ్రూప్‌లో చేరాలంటే గుండెలో గుబులు. "ఇప్పుడు కరెంటు పోతే?" అన్న ఒక్క ఆలోచనతో రెండు నెలలు మనుషులతో ఆడలేదు. కంపానియన్‌తోనే తిరిగాను. కరెంటు పోయి వచ్చినా నన్ను నిలదీసేవాళ్లు లేరు. నన్ను ఆ ఆటలో ఉంచింది కంపానియనే. మీ గిల్డ్ పెద్దమనిషికి ఈ సంగతి తెలియకపోవచ్చు. ఆయన ఊళ్లో కరెంటు పోకపోవచ్చు.

‘ఫైనల్ ఫాంటసీ 14’లో 2019 జులైలో ట్రస్ట్ పద్ధతి వచ్చినప్పుడు కథలో స్నేహితులే పక్కన నిలబడి డంజన్ (ఫ్లాష్‌పాయింట్ లాంటి గుంపు సాహసమే) చేయించేవాళ్లు. మనుషులతో వెళ్తే అయ్యేదానికంటే ఆలస్యం. గుంపులు గుంపులుగా శత్రువుల్ని లాక్కురావడం వాళ్లకి చేతకాదు. కానీ కొత్త డంజన్‌ని తీరిగ్గా, గోడల మీద బొమ్మలు చూసుకుంటూ, ఎవరి తొందరా లేకుండా చేయొచ్చు. 2022 ఏప్రిల్‌లో దాన్నే పాత డంజన్లకీ విస్తరించారు. ‘వార్‌క్రాఫ్ట్’ కూడా 2024 జనవరిలో, మనుషుల బదులు ఆటే నడిపే పాత్రలతో చేసే ఫాలోయర్ డంజన్లు తెచ్చింది. అంటే "గ్రూప్ ఆటలో మనుషులే ఉండాలి" అని పట్టుబట్టిన ఆటలు కూడా మెల్లగా ఇటే వచ్చాయి. సిగ్గుపడేవాళ్లు, పసిపిల్లని ఒళ్లో పెట్టుకుని ఆడే తల్లులు, మనలా గడియారానికి అవతలి వైపున్నవాళ్లు... వీళ్లందరికీ తలుపు తెరుచుకుంది.

ఎదుటివాళ్ల భయం కూడా ఉత్తది కాదు. అది నాకు ‘గిల్డ్ వార్స్’లో తెలిసింది. 2005లో ఆ ఆట వచ్చినప్పుడు హెంచ్‌మెన్ అనే కూలి మనుషులుండేవాళ్లు, మన మాట పెద్దగా వినేవాళ్లు కాదు. 2006 అక్టోబరులో ‘నైట్‌ఫాల్’తో హీరోలు వచ్చారు. వాళ్ల ఎనిమిది స్కిల్స్ మనమే ఎంచొచ్చు, జెండా పాతి ఎక్కడ నిలబడాలో చెప్పొచ్చు. మనిషికి ముగ్గురే హీరోలని పరిమితి ఉండేది. దాన్ని 2011 మార్చిలో ఏడుకి పెంచారు. మీరొకరు, హీరోలు ఏడుగురు, ఎనిమిది మంది జట్టు నిండిపోయింది. అంతకుముందు ఊళ్లలో నిలబడి "మంక్ కావాలి, ఒక్క మంక్" అని గంటలు అరిచేవాళ్లం (మంక్ అంటే ఆ ఆటలో హీలర్). ఆ అరుపులు ఆగిపోయాయి. వాటితో పాటు అక్కడ జరిగే పరిచయాలూ ఆగిపోయాయి. నాకు ఆ ఆటలో ఉన్న స్నేహితుల్లో ముగ్గురు అలా ఊరి మధ్యలో మంక్ కోసం ఎదురుచూస్తూ కలిసినవాళ్లే. అందుకే "హీరోలు ఊళ్లని ఖాళీ చేశారు" అని ఎవరైనా అంటే నేను కొట్టిపారేయను.

కానీ పూర్తిగా ఒప్పుకోను కూడా. అప్పటికి ఆటకి ఆరేళ్లు, మరుసటి ఏడాది ఆగస్టులో ‘గిల్డ్ వార్స్ 2’ వస్తోంది. జనం ఎలాగూ పల్చబడుతున్నారు. హీరోలు లేకపోతే మిగిలినవాళ్లు కూడా మంక్ దొరక్క మానేసేవాళ్లు. ఇవాళ కొత్తగా ఒకరు ఆ ఆట కొని, మొదటి కథ నుంచి చివరిదాకా ఎవరినీ బతిమాలకుండా ఆడగలుగుతున్నారంటే ఆ ఏడుగురి పుణ్యమే.

ఇంకో సంగతి ఉంది, ఎవరూ పెద్దగా చెప్పరు. నాకు హీలింగ్ అంటే ఏమిటో నేర్పింది మనుషులు కాదు, డున్‌కోరో అనే హీరో. వాడు మంక్. వాడికి ఎనిమిది స్కిల్స్ ఎంచి పెట్టాల్సింది నేనే. మొదట్లో గాయం మాన్పే స్కిల్స్ ఆరు పెట్టాను, వాడి శక్తి నిమిషంలో అయిపోయేది, అందరం చచ్చేవాళ్లం. దెబ్బ తగిలాక మాన్పడం కంటే తగలకముందు కాయడం చవక అని, శక్తి తిరిగి తెచ్చే స్కిల్ ఒకటి తప్పనిసరి అని, ఒక్కొక్కటీ చస్తూ చస్తూ తెలుసుకున్నాను. ఆ తర్వాత మనుషులతో ఆడినప్పుడు మా హీలర్ ఎందుకు ఇబ్బంది పడుతోందో నాకు ముందే కనిపించేది. మంచి కంపానియన్ పద్ధతి ఆటగాడికి పక్కవాడి పని నేర్పుతుంది.

చెడ్డ వాడకం ఆటగాడి తప్పుల్ని దాస్తుంది. మొదట్లో చెప్పిన సగం నిజం ఇదే. కొత్తవాళ్లకి నేర్పేటప్పుడు ఒకబ్బాయి వచ్చాడు. ఒంటరిగా కథంతా పూర్తిచేశాడు, హీలర్ కంపానియన్‌కి ఇన్‌ఫ్లుయెన్స్ 50. మంచి కుర్రాడు, వినయం ఉంది. మొదటి గ్రూప్‌లో మొదటి బాస్ దగ్గరే మూడుసార్లు చచ్చాడు. నేలమీద ఎర్ర వలయం కనిపిస్తే పక్కకి జరగాలని తెలియదు. బాస్ పెద్ద దెబ్బకి చెయ్యెత్తినప్పుడు దాన్ని మధ్యలోనే ఆపే ఇంటరప్ట్ కొట్టాలని తెలియదు. "నీ ఇంటరప్ట్ ఏ బటన్ మీద ఉంది?" అని అడిగితే, ఆ స్కిల్‌ని బార్ మీద పెట్టనేలేదని తేలింది. ఎందుకు పెడతాడు? ఎనభై గంటల ఆటలో అది అవసరమే రాలేదు. దెబ్బ తగిలిన క్షణంలోనే వెనకనుంచి కంపానియన్ మాన్పేసింది. వాడు తప్పు చేస్తున్నాడని ఆట వాడికి ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆ గ్రూప్‌లో ఒకరు వాణ్ని అందరి ముందూ మాటలన్నారు, వాడు మళ్లీ కనిపించలేదు. నేను అప్పుడే అడ్డుపడాల్సింది, పడలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే మీకు ఇంత పొడుగు జవాబు.

ఇక మీరు చేయాల్సింది.

రోజువారీ కథకి వెట్‌ని డ్యామేజ్‌లో పెట్టండి. పోరాటాలు తొందరగా అవుతాయి, మీ ప్రాణం మీరే చూసుకోవడం అలవాటవుతుంది. మొదటి రెండు మూడు రోజులు ఎక్కువసార్లు చస్తారు, కంగారు పడకండి. హీలర్ పాత్ర హీరోయిక్ అనే కష్టమైన మిషన్లకి, నిజంగా బలమైన శత్రువులకి దాచుకోండి. మీ ఇంటరప్ట్ డిస్రప్షన్‌ని, కాచుకునే సేబర్ వార్డ్‌ని చేతికి దగ్గరి బటన్ల మీదకి తెచ్చుకోండి, చూడకుండా నొక్కగలిగేంత దగ్గర. గుంపులో ఒకణ్ని నిద్రపుచ్చి మిగతావాళ్లని కొట్టాల్సినచోట కంపానియన్ గుంపు దెబ్బలు కొట్టి నిద్రపోయినవాణ్ని లేపేస్తుంది. గ్రూప్‌లో కంపానియన్ల మీద విసుగుకి ఇదొక పెద్ద కారణం. కంపానియన్ బార్‌లో ఆ స్కిల్ మీద కుడి క్లిక్ కొడితే దాన్ని వాడటం ఆపేస్తుంది. గిల్డ్‌తో ఫ్లాష్‌పాయింట్‌కి వెళ్లే ముందురోజు ఒక అరగంట వెట్‌ని పంపేసి ఒక్కరే ఆడండి. ఎక్కడ తడబడుతున్నారో మీకే తెలిసిపోతుంది.

ఫ్లాష్‌పాయింట్‌లో ముగ్గురే ఉంటే నాలుగో చోట కంపానియన్‌ని నిలబెట్టడంలో ఏ తప్పూ లేదు. కానీ నాలుగో మనిషి వస్తానంటే మాత్రం చోటివ్వండి. ఎనిమిది మంది, పదహారు మంది ఆపరేషన్లలో కంపానియన్లకి ఎలాగూ ప్రవేశం లేదు, కాబట్టి అక్కడికి వెళ్లాలన్న కోరిక ఉంటే పైన చెప్పిన అలవాట్లు ఇప్పుడే చేసుకోవడం మంచిది. ఆ కోరిక లేదా, కథ చూసుకుంటూ వెట్‌తో తిరగడమే మీకు ఇష్టమా? అప్పుడు హీలర్‌గానే పెట్టుకోండి, హాయిగా ఆడుకోండి. అది కూడా ఆటే.

గిల్డ్‌లో ఆయనతో వాదించకండి. "నాకు ఇంటరప్ట్ ఎప్పుడు కొట్టాలో ఒకసారి చూపిస్తారా?" అని అడిగి చూడండి. చూపిస్తే ఆయన మంచివాడే, మాట కటువు అంతే. చూపించకపోతే గిల్డ్ మారండి.

ఇంకొకటి, మీరు రాయలేదు కాబట్టి అడుగుతున్నాను. వెట్ మెడలో కాలర్ ఇంకా ఉందా? ఉంటే తీసేసే వీలు మళ్లీ రాగానే తీసెయ్యండి. ఆ తర్వాత ఓడలో ఆమె మాట్లాడే తీరు వినండి.